హైదరాబాదు పేరు దాల్చిన విమానము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో బ్రిటిషు వారి పాత యుద్ధవిమానములను గూర్చిన వ్యాసమునకు చోటెక్కడిదని చదువరులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన పొలముల మీదుగా విమానము పోవునపుడు పనిచేయువారు తలయెత్తి చూచి, మరల పనిలో పడుదురు. దానితో మనకు గల పొత్తు అంతియే యని తలంతుము. కాని లండను నగరమున హెండను అను చోట రాయల్ ఎయిర్ ఫోర్సు వారి ప్రదర్శనశాల గలదు. ఆ సంస్థ కాపాడుచున్న వస్తువులలో కఱ్ఱచట్రముపై నారబట్ట బిగించి చేసిన యొక పాత విమానమున్నది. హైదరాబాదు నిజాము ప్రభువు దానిని బహూకరించినట్లు దాని మీదనే వ్రాసియున్నది. మన తెలుగునేల సొమ్ముతో పుట్టి, జర్మనుల చేతజిక్కి, పోలెండు దేశమున తలదాచుకొని, తుదకు లండను చేరిన యా విమానము కథయే యీ వ్యాసమునకు మూలము. ఆ కథ తెలియవలెనన్న, పాతవిమానములను కాపాడవలెనను పట్టుదల బ్రిటిషు ప్రజలకెట్లు కలిగెనో ముందుగా తెలిసికొనవలెను.

తుక్కు క్రింద పోయిన సంపద

యుద్ధము ముగిసిన మరునాడు యుద్ధవిమానమంత పనికిమాలిన వస్తువు మఱియొకటి లేదు. అది దున్నుటకు రాదు, సరకు మోయుటకు చాలదు. నిలువనుంచిన కావలి ఖర్చు. అందువలన 1945 తరువాత బ్రిటనులో వేలకొలది విమానములను గొడ్డళ్ళతో నఱికి, కొలుములలో కరగించి, లోహమును మాత్రము మిగుల్చుకొనిరి. ఇందొక వింత గలదు. 1940 వేసవిలో అల్యూమినియము కొఱత యేర్పడినపుడు, మీ వంటపాత్రల నిచ్చినచో వానితో యుద్ధవిమానములు చేయుదుమని ప్రభుత్వము గృహిణులను వేడెను. వారు గిన్నెలును మూకుళ్ళును తెచ్చి వీధులలో గుట్టలు పోసిరి. ఐదేండ్లు గడచుసరికి ఆ విమానములే మరల కొలిమిపాలయ్యెను.

ఆ తొందరలో పోయినదెంతయో లెక్కలు చూచిన తెలియును. స్టెర్లింగు అను నాలుగు ఇంజనుల బాంబు విమానములు రెండువేల మూడువందలకు పైగా తయారయ్యెను. నేడు సంపూర్ణమైనది ప్రపంచములో నొక్కటియు లేదు. విట్లీ అను విమానములు పదునెనిమిది వందలకు పైగా తయారయ్యెను. అదియు నంతే. టైఫూను అను యుద్ధవిమానములు మూడువేల మూడువందలు దాటెను. మిగిలినది సంపూర్ణముగా నొక్కటి. అదియు బ్రిటనులో మిగిలినది కాదు. పరీక్షల నిమిత్తము అమెరికాకు పోయి యచ్చట మఱవబడి యుండినదానిని, 1968 లో నొక హరికేనును మారుగా నిచ్చి స్వదేశమునకు తెచ్చుకొనిరి. తాము చేసిన వస్తువును తామే పరదేశమునుండి యడిగి తెచ్చుకొనవలసి వచ్చెను. సమృద్ధిగా నున్నదానిని ఎవరును దాచరు. అరుదైన పిమ్మట దాచుటకేమియు మిగులదు. పుస్తకముల విషయమున మనకిది అనుభవమే.

వ్యక్తుల శ్రద్ధ

ఈ నష్టమును ముందుగా గుర్తించినది ప్రభుత్వము గాదు, వ్యక్తులు. బెడ్‌ఫర్డ్‌షైరులోని ఓల్డ్ వార్డెను గ్రామమున రిచర్డ్ షటిల్‌వర్తు అను సంపన్నయువకుడు 1930 ప్రాంతమునుండియే మూలబడిన పాత మోటారు కారులను, విమానములను కొని బాగుచేయుచుండెను. 1909 నాటి ఫ్రెంచి బ్లెరియో విమానము వాని సేకరణలోనిదే. ఇతడు రాయల్ ఎయిర్ ఫోర్సులో చేరి, 1940 ఆగష్టులో రాత్రివేళ శిక్షణలో నుండగా విమానము కూలి మరణించెను. అప్పటికి వాని వయస్సు ముప్పదియొక్క యేండ్లు. అతడు ఒక్కగానొక్క కుమారుడు. తల్లి డొరతీ షటిల్‌వర్తు 1944 లో ఆ యెస్టేటును కుమారుని పేర ధర్మనిధిగా నేర్పాటు చేసెను. నేటికిని ఆ గ్రామమున గాలి నెమ్మదించిన సాయంకాలములయందు ఆ తొలినాటి విమానములు పచ్చికపై పరుగిడి, చెట్లకొనలయెత్తున నెగిరి మరల వ్రాలుచుండును. పుత్రశోకము నొక విద్యాస్థానముగా మార్చిన యా తల్లిని తలచిన, బిడ్డల పేర బడులును బావులును సత్రములును నిలిపిన మన దేశపు తల్లులు జ్ఞప్తికి వత్తురు.

కఱ్ఱతో చేసిన మస్కిటో విమానముల కథ ఇంకొకటి. వానిలో మొదటిది 1940 నవంబరు 25 న ఆకాశమున కెగసెను. యుద్ధానంతరము దానిని కాల్చివేయుట తప్పదనునట్లుండగా, కంపెనీ యుద్యోగి యొకడు చోటునుండి చోటునకు మార్చుచు దాచియుంచెను. అది రూపకల్పన పొందిన సాలిస్‌బరీ హాలు అను పాతభవనమును వాల్టర్ గోల్డ్‌స్మిత్ అను విశ్రాంత సైనికాధికారి కొని, ఆ విమానమునకు తన యావరణలోనే చోటిచ్చెను. 1959 లో ప్రజలకు ప్రవేశము కల్పింపబడెను. అదియొక చిన్న ప్రదర్శనశాలగా మొదలై నేటికిని నడచుచున్నది.

వైమానికదళమువారును క్రమముగా మేల్కొనిరి. 1957 జూలైలో బిగిన్ హిల్ అను విమానస్థావరమున నొక హరికేనును మూడు స్పిట్‌ఫైరులను చేర్చి చారిత్రక విమానశాఖను నెలకొల్పిరి. అదియే పిమ్మట బాటిల్ ఆఫ్ బ్రిటన్ స్మారకశాఖయై, 1973 లో నొక లాంకాస్టరు బాంబు విమానమును చేర్చుకొని, 1976 నుండి లింకన్‌షైరులోని కోనింగ్స్‌బీలో నివసించుచున్నది. లాంకాస్టరులు ఏడువేల మూడువందల డెబ్బదియేడు తయారయ్యెను. నేడు ఎగురగలవి రెండే. రెండవది కెనడాలో నున్నది. 1967 లో నూరూర వెలసిన సంరక్షణ సంఘములు కలసి యొక సమాఖ్యగా నేర్పడెను. 1969 లో బాటిల్ ఆఫ్ బ్రిటన్ చలనచిత్రము కొరకు నిర్మాతలు పాతవిమానములను నలుదిక్కులనుండి ప్రోగుచేయగా, మూలబడిన యంత్రములెన్నో మరల కదలెను. 1972 నవంబరు 15 న ఎలిజబెత్ రాణి హెండనులో రాయల్ ఎయిర్ ఫోర్సు మ్యూజియమును ప్రారంభించెను. ఈ కృషిలో పెక్కుమంది జీతము లేని సేవకులు. విశ్రాంత మెకానికులు, బడిపంతుళ్ళు, గుమాస్తాలు సెలవుదినములలో వచ్చి తుప్పు గీకుదురు, మేకులు తుడుతురు, బట్ట కుట్టుదురు.

వారికి చర్చ యన్న మిక్కిలి ప్రీతి. ఫలానా విమానము రెక్కక్రింద రంగు ఏ ఛాయలో నుండెను, ఫలానా సంఖ్యగలది ఏనాడెక్కడ కూలెను అని గంటల తరబడి వాదింతురు. పైపైన చూచువారికిది వ్యర్థకాలక్షేపముగా దోచును. కాని వారి వాదము దస్తావేజులపై నిలుచును. ప్రతి విమానమునకు నొక సంఖ్య గలదు. ప్రతి వైమానికదళమును దినచర్యగ్రంథమును వ్రాసెడిది. అవి నేడు లండనులోని క్యూ అను చోట జాతీయ పత్రభాండాగారమున నున్నవి. జ్ఞాపకమొకటి చెప్పి కాగితమింకొకటి చెప్పినపుడు కారణము వెదకుదురు. ఇది చరిత్రకారుని పద్ధతియే.

నిజాము దానము

ఇక మన కథకు వత్తము. మొదటి ప్రపంచయుద్ధకాలమున హైదరాబాదు ప్రభువు మీర్ ఉస్మాన్ అలీ ఖాను. 1911 లో సింహాసనమెక్కిన యితడు బ్రిటిషువారికి యుద్ధవ్యయమునకై విశేషముగా ధనమిచ్చెను. ఆ దానముతో నేర్పడినది రాయల్ ఎయిర్ ఫోర్సులోని 110 వ స్క్వాడ్రను. దాని తొలి విమానములన్నియు నిజాము బహుమానములే. ఒక్కొక్క విమానముపై నా సంగతి వ్రాయించిరి. అందుచే దానికి హైదరాబాదు స్క్వాడ్రను అని పేరు వచ్చెను.

ఆ విమానము జాతి పేరు డీహెచ్ 9ఏ. ఇద్దరు కూర్చుండునది. ముందు నడపువాడు, వెనుక తుపాకి పట్టి కావలి కాయువాడు. నాలుగువందల గుఱ్ఱపుబలము గల లిబర్టీ అను అమెరికా ఇంజను దానికి ప్రాణము. ఈ జాతి విమానములతో యుద్ధమునకు వెడలిన మొదటి దళము మన పేరుగల దళమే. 1918 ఆగష్టు చివర ఫ్రాన్సు చేరి, సెప్టెంబరు 14 న తొలిసారి బాంబులు వేసెను. జర్మనీలోని పట్టణముల మీదికి పట్టపగలు పోయి బాంబులు వేసి తిరిగివచ్చుట దాని పని. రక్షణగా వేఱు విమానములు వెంటవచ్చుట లేదు. ఫలితము ఘోరము. యుద్ధము ముగియులోపల, అనగా రెండు నెలలలో, ఆ దళము జర్మనీ మీద వేసినది పదిన్నర టన్నుల బాంబులు. పోగొట్టుకొన్నది పోరున పదునేడు విమానములు, ప్రమాదములలో ఇరువదియెనిమిది.

1918 అక్టోబరు 5 న జర్మనీ మీదికి పోయి తిరిగిరాని వానిలో ఎఫ్ 1010 సంఖ్యగల విమానమొకటి. యోవిల్ పట్టణమున వెస్ట్‌లాండు కంపెనీవారు చేసినది. అది శత్రుభూమిపై దిగిపోయెను. అందున్న యిద్దరును బందీలైరి. విమానము మాత్రము చెక్కుచెదరకుండ జర్మనుల చేత బడెను. ఆ దళపు విమానములలో క్షేమముగా తిరిగివచ్చినవి కాలక్రమమున తుక్కై పోయినవి. శత్రువు చేజిక్కినది మాత్రమే మిగిలెను. విధివిలాసమనగా నిదియే గదా.

జర్మనులు దానిని విజయచిహ్నముగా దాచిరి. 1936 లో బెర్లినునందు తెఱచిన వైమానిక ప్రదర్శనశాలలో దానిని నిలిపిరి. రెండవ ప్రపంచయుద్ధమున 1943 లో బ్రిటిషువారి బాంబులు బెర్లిను మీద కురిసి ఆ ప్రదర్శనశాల దెబ్బతినెను. అనగా నొకనాడు జర్మనీపై బాంబులు వేయబోయిన విమానము, బ్రిటిషు బాంబులకే గుఱియై యుండెను. మిగిలిన విమానములను తూర్పునకు, పోలెండు సీమకు తరలించిరి. యుద్ధానంతరము అవి పోలెండు వారి స్వాధీనమై, 1960 తరువాత క్రాకో నగరపు ప్రదర్శనశాలకు చేరెను. 1977 లో రాయల్ ఎయిర్ ఫోర్సు మ్యూజియమువారు ఒక స్పిట్‌ఫైరును పోలెండునకిచ్చి, మారుగా నీ డీహెచ్ 9ఏ ను తెచ్చుకొనిరి. లోపించిన భాగములను పాతపద్ధతిలో కొత్తగా చేసి, బట్ట తొడిగి, 1983 నాటికి ప్రజలముందు నిలిపిరి. ఆ జాతిలో నేడు లోకమున మిగిలినది ఇదియొక్కటే. దాని మీద హైదరాబాదు పేరు గలదు.

చెఱువు లోపల, ఏనుగులశాలలో

మిగిలినవి దొరకిన చోటులు వినుటకు కథలవలె నుండును. 1942 ఏప్రిలులో నార్వే తీరమున జర్మను యుద్ధనౌకపై దాడికి పోయిన హాలిఫాక్సు విమానమొకటి దెబ్బతిని, గడ్డకట్టిన హోక్లింగెను చెఱువుపై దిగెను. అందున్నవారు ప్రాణములతో బయటపడిరి. మంచు కరగగా విమానము మునిగెను. 1973 లో దానిని పైకి తీసి, ఎట్లు దొరకినదో అట్లే, తుప్పుతోను గాయములతోను ప్రదర్శించిరి. 1940 డిసెంబరు చివరిదినమున స్కాట్లండులోని నెస్ సరస్సులో దిగిన వెల్లింగ్టను విమానమింకొకటి. ఆ సరస్సులో రాక్షసజలచరమున్నదను వదంతి లోకప్రసిద్ధము. దానిని యంత్రములతో వెదకుచు 1976 లో పోయినవారికి ఆ విమానము కనబడెను. 1985 లో పైకి తీసి, అట్టివి పుట్టిన బ్రూక్‌లాండ్సుకే చేర్చిరి.

మన దేశమునుండి పోయిన కథలును గలవు. మొదటి యుద్ధము పిదప బ్రిటిషువారు మిగులు విమానములను సామ్రాజ్యదేశములకు పంచగా హిందూదేశమునకు వచ్చినవానిలో కొన్ని డీహెచ్ 9 విమానములు బికనీరు మహారాజు గంగాసింగునకు చేరెను. ఇది మన కథలోని విమానమునకు అన్నవంటిది. 1990 తరువాత బికనీరు కోటలోని ఏనుగులశాలయందు వాని శిథిలములు బయటపడెను. చెదలు తినగా కఱ్ఱ డొల్లబారియుండెను. బ్రిటిషు నిపుణులు వానిని కొని, ఏండ్లతరబడి శ్రమించి, ఒకదానిని డక్స్‌ఫర్డు ప్రదర్శనశాలలో నిలిపిరి. రెండవదానిని 2019 మే 13 న మరల ఎగురవేసిరి. మన గ్రంథాలయపు బీరువాలలో చెదలు పట్టిన పుస్తకములను చూచి పెదవి విఱచువారు ఈ సంగతి గుర్తుంచుకొనదగును. చెదలు తిన్నదానినుండియు మాతృకను గ్రహింపవచ్చును. గ్రహించువాడుండవలెను.

లిబరేటరులను అమెరికా బాంబు విమానముల సంగతియు నట్టిదే. యుద్ధానంతరము కాన్పూరులో విడిచిపోయినవానిని బెంగుళూరు హిందుస్థాన్ విమానకర్మాగారమువారు బాగుచేయగా భారత వైమానికదళము 1968 వఱకు వాడుకొనెను. తరువాత పరదేశముల ప్రదర్శనశాలలు వానిని మనలనడిగి తీసికొనెను. 1974 లో బ్రిటనునకును ఒకటి పోయెను. మనవారు పొదుపుచేత నిలుపుకొన్నదే లోకమునకు నిధియయ్యెను. 1932 లో ప్రారంభమైన భారత వైమానికదళము తొలుత వాడిన వాపిటి జాతి విమానము లోకమునందంతటను మిగిలినది ఢిల్లీ పాలం ప్రదర్శనశాలలోనే యనిన, మనకును కాపాడుట తెలియనిది కాదు.

ఎగురవలెనా, నిలువవలెనా

ఈ యభిమానుల నడుమ నిత్యమును జరుగు వివాదమొకటి గలదు. మిగిలిన యొకటి రెండు విమానములను ఆకాశమున కెగురవేయవచ్చునా, లేక గాజుగది బొమ్మలవలె నిలుపవలెనా యని. ఎగురవలెననువారు చెప్పునదేమనగా, విమానము ప్రాణము ఎగురుటలోనే యున్నది. ఆ ఇంజను మ్రోత విన్న ముసలివాని కన్నుల నీరు, దానిని చూచిన బాలుని ఆశ్చర్యము నిలిచియున్న యంత్రము వలన కలుగవు. వద్దనువారి వాదమునకును బలము గలదు. 1991 లో స్మారకశాఖ హరికేను ఇంజను చెడి, దిగుచు కాలిపోయెను. దానిని బాగుచేయుటకు ఒక స్పిట్‌ఫైరును అమ్ముకొనిరి. అది 1998 లోగాని మరల ఎగురలేదు. 1996 లో ఎగురుచుండిన మస్కిటో యొకటి కూలి ఇద్దరు మరణించిరి. 2024 మేలో స్మారకశాఖ స్పిట్‌ఫైరు కూలి నడపువాడు మరణించెను. గతమును కాపాడుటకు వర్తమానమున ప్రాణమియ్యవచ్చునా?

ఈ ప్రశ్నకు తెలుగువారి వద్ద నొక పాత సమాధానము గలదని నాకు దోచును. తాళపత్రము కొన్ని తరములకు శిథిలమగును. పూర్వులు దానిని గుడ్డలో చుట్టి దాచుటతో తృప్తి పడలేదు. కొత్త ఆకుపై ప్రతి వ్రాసిరి. ఆ ప్రతిని చదివిరి, పాడిరి, పురాణకాలక్షేపము చేసిరి. మూలపత్రము లేనిచో ప్రతిలోని తప్పు దిద్దుటకు వీలులేదు. పఠనము లేనిచో మూలపత్రము దూలముమీది మూట. కాబట్టి రెండును కావలెను. మిక్కిలి అరుదైనదానిని కదలింపరాదు. పెక్కు మిగిలినవానిలో కొన్నిటిని ఎగురనీయవలెను. విజ్ఞులైన బ్రిటిషు సంరక్షకులును అనుభవమువలన ఈ మార్గమునకే వచ్చిరి. ఎఫ్ 1010 నేలమీద నిలిచి యున్నది. స్పిట్‌ఫైరులు ఎగురుచున్నవి. పాతబడిన వల్కను బాంబు విమానమును ప్రజల చందాలతో బాగుచేసి 2007 లో ఎగురవేసినవారును, 2015 లో ఇక క్షేమము కాదని తెలిసినంతనే దింపి నిలిపిరి. ప్రేమించిన వస్తువును ఎప్పుడు నిలుపవలెనో తెలియుటయు ప్రేమలోని భాగమే.

ఎవరి సొమ్ము, ఎవరి జ్ఞాపకము

ఇంతవఱకు మెచ్చుకొంటిమి. ఇక నొక చేదుమాటయు చెప్పవలెను. ఎఫ్ 1010 మీద నిజాము పేరున్నది. ఆ ధనమెక్కడిది? దివానీ ఖజానానుండి యిచ్చినను, ప్రభువు సొంతమైన సర్ఫెఖాసు భూములనుండి యిచ్చినను, దానికి మూలము దున్నినవాని కష్టమే. తెలంగాణపు రైతు, మరాఠ్వాడా రైతు, కన్నడసీమ రైతు చెల్లించిన శిస్తులే సముద్రము దాటి రెక్కలు తొడిగికొనెను. ఆ 1918 లోనే వానలు తప్పి ధరలు మండెను. ఆ యేటి విషజ్వరమునకు దేశమంతట కోటికి పైగా జనము రాలిపోయిరి. ఆ రైతుల పేరు ఏ విమానము మీదను లేదు. తమ సొమ్ము ఏ దేశపు పట్టణముపై బాంబై పడెనో వారెఱుగరు.

రెండవ యుద్ధమునను ఇదియే జరిగెను. 1940 లో స్పిట్‌ఫైరు ఒక్కింటికి ఐదువేల పౌనులని వెలకట్టి, చందా లిచ్చినవారి పేరు విమానముపై వ్రాసిరి. 152 వ దళము హైదరాబాదు పేరు దాల్చి, నిజాము శిరోవేష్టనమును చిహ్నముగా ధరించి, స్పిట్‌ఫైరులతో ఇంగ్లండు దక్షిణతీరమును కాచెను. 253 వ దళము హైదరాబాదు రాజ్యము పేర హరికేనులతో పోరాడెను. 79, 234, 264 దళములు మద్రాసు రాజధాని పేరు ధరించెను. నాటి మద్రాసు రాజధానిలో సర్కారు జిల్లాలును రాయలసీమయు నుండెను గనుక, నిజాము రాజ్యపు తెలుగువారికే గాక మనవారందఱకును ఆ విమానములలో పాలు గలదు. అట్లని మనకు రక్షణ కలిగెనా? 1942 ఏప్రిలు 6 న విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపానువారి బాంబులు పడెను. మన పేరు దాల్చిన విమానములు అప్పటికి మన తీరమున లేవు.

ఇంకొకటి. డీహెచ్ 9ఏ జాతి విమానములే మొదటి యుద్ధము పిమ్మట మన వాయవ్యసరిహద్దునకు వచ్చి, 1925 లో వజీరిస్తాను కొండజాతుల మీద బాంబులు వేసెను. మన సొమ్ముతో పేరుగాంచిన యంత్రము మనవంటివారి మీదనే తిరుగబడెను. కనుక ఆ విమానమును చూచి గర్వింపవలెనా, సిగ్గుపడవలెనా యని యడిగిన, రెండును గాదు, తెలిసికొనవలెను అనియే నా సమాధానము. విమానము పోయియుండినచో గర్వమునకుగాని సిగ్గునకుగాని చోటుండెడిది కాదు. ఈ ప్రశ్న యడుగుటకు మనకవకాశమిచ్చినవారు, సెలవుదినములలో తుప్పు గీకిన యా పేరులేని సేవకులు. వారు తమ విజయమును దాచుకొనుటకే పూనుకొన్నను, దానితోపాటు మన కష్టమునకు సాక్ష్యమునుగూడ దాచిరి. వస్తువును కాపాడినవానికి, దానినుండి రాబోవు తరములవారేమి చదువుదురో తెలియదు. కాపాడుటలోని గొప్పతనమదియే.

మనకు పాఠము

ఇట్టిది మన చరిత్రలోను జరిగినది. కర్నలు మెకంజీ సేనలో పనిచేయుచు భూమి కొలుచుటకు వచ్చినవాడు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మున్నగు తెలుగు పండితుల సాయమున ఊరూరి కైఫియత్తులను వ్రాయించి పెట్టెను. బ్రౌను దొర కంపెనీ కొలువున నుండి, సొంత ధనము వెచ్చించి, చెదలపాలగుచున్న తెలుగు తాళపత్రములకు ప్రతులెత్తించెను. వారి ప్రభుత్వపు ప్రయోజనము వేఱు. వారు మిగిల్చినదానివలన మనము పొందిన ప్రయోజనము వేఱు. నేడు గ్రామచరిత్ర వ్రాయబూనువాడు కైఫియత్తు చూడక తప్పదు.

మన గ్రంథాలయమునకిప్పుడు ఇరువదియైదేండ్లు. ఇది విమానములు దాచుచోటు కాదు. కాని మన యూరి నుండియు పోవుచున్నవి గలవు. ఎద్దులు లాగిన మోట, ఏతము, కఱ్ఱగానుగ పేరు విన్న పిల్లలు నేడు బొమ్మ చూపుమనుచున్నారు. పాత పట్టాలు, కరణముల లెక్కలు, యుద్ధమునకు పోయినవారు వ్రాసిన ఉత్తరములు, ఈ గ్రంథాలయపు తొలి చందాదారుల పట్టిక, ఇవన్నియు నేటికి సమృద్ధిగా నున్నట్లు దోచుచున్నవి. స్టెర్లింగు విమానములును నొకనాడు సమృద్ధిగానే యుండెను.

కనుక ఈ రజతోత్సవ సమయమున చదువరులకు నాదొక విన్నపము. మీ యింట దూలముమీదనో పాతపెట్టెలోనో నున్న కాగితమును తుక్కువానికి వేయక ముందొకసారి గ్రంథాలయమునకు తెండు. దాని మీద తేది వ్రాయుదము, ఎవరిదో వ్రాయుదము, బీరువాలో నుంచుదము. ఆ వ్రాత మఱవవలదు. ఎఫ్ 1010 మీద హైదరాబాదు పేరు లేనిచో అది మనకు పరాయి యంత్రముగానే యుండెడిది. నాటి నిజాము పేరు వ్రాసినవారు రైతు పేరు వ్రాయ మఱచిరి. మన పుస్తకములోనైనను ఆ లోపము లేకుండ జూచుకొందము.